మైనపు గేదె

మా స్కూల్లో సైన్సు చెప్పే ఆవిడ హనుమాన్ జంక్షన్‌లో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. అందరూ గోడ గడియారాలూ డిన్నర్ సెట్లూ పట్టుకొస్తారు, నేను మాత్రం అలాంటివి ఇవ్వకూడదనుకున్నాను. ఈ ‘నేను మాత్రం’ అనేది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అంతకు కొన్నాళ్ళ ముందు టీవీలో ఒక పని చూశాను. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి, నిప్పుల్లో కాలిస్తే లోపల మైనం కరిగి పోతుంది. అది ఖాళీ చేసిన చోట్లో కరిగిన ఇత్తడి పోస్తారు. డోక్రా అంటారట. అడవుల్లో ఉండేవాళ్ళ పాత విద్య. ఆ బొమ్మ ఒకటి కొనాలని తీర్మానించేసుకున్నాను.

విజయవాడలో దొరకని వస్తువు ఉండదని మాకో నమ్మకం. బీసెంట్ రోడ్డులో ఒక గిఫ్టు షాపులో అడిగితే నాలుగు ఏనుగులు తెచ్చి వరసగా నిలబెట్టాడు. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి, గీతలో కూడా తేడా లేదు. వాటిని చూస్తే ఎందుకో మనసు ఒప్పలేదు, కారణం మాత్రం అప్పటికి తెలీదు. వన్‌టౌన్‌లో ఇత్తడి సామాన్ల కొట్టుకి వెళ్తే, “అవి మసకమసగ్గా ఉంటాయమ్మా, మనవాళ్ళు కొనరు. మనకి తళతళలాడిపోవాలి” అని కొట్టాయన కుందులు చూపించబోయాడు. ప్రభుత్వం వాళ్ళ హస్తకళల దుకాణంలో ఒకే ఒక్క దీపపు సెమ్మె అద్దాల బీరువాలో ఉంది గానీ, తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్ళాడు. గంట కూర్చున్నాను. ఆయన భోజనం పూర్తి కాలేదు. సరే, ఫోన్లో ఆర్డరు పెట్టేద్దామంటే మా అత్తగారు అడ్డం పడ్డారు.

“చేత్తో పట్టుకుని చూడకుండా ఎలా కొంటావమ్మాయ్?”

మా అత్తగారిది కంకిపాడు దగ్గర పల్లెటూరు. మావయ్యగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. చేతిపని అంటే ప్రాణం ఆవిడకి. ముగ్గులు, జంతికలు, దీపాల వత్తులు, పూలజడలు, ఏది పట్టుకున్నా చూడముచ్చటగా ఉండేది. అయితే ఆ పాటికే చేతులు వణకడం మొదలైంది. డాక్టరు మందులు రాసి, కొంతవరకూ ఆగుతుంది గానీ పూర్తిగా పోదమ్మా, పెరుగుతూ ఉంటుంది అని ఆవిడ ముందే చెప్పాడు. ఆ రోజునుంచి అత్తయ్య ముగ్గు వెయ్యడం మానేశారు. ఎవరైనా ఇంటికొస్తే చేతులు కొంగు కింద దాచుకుని కూర్చునేవారు. నాకు చూడ్డానికి కష్టంగా ఉండేది. ఆ కష్టం బయటపడకుండా ఏదో ఒకదాని మీద విసుక్కునేదాన్ని.

చలికాలంలో విజయవాడలోనే చేతిపనుల ఎగ్జిబిషన్ పెట్టారు. అత్తయ్యని ఆటోలో తీసుకెళ్ళాను. కొండపల్లి బొమ్మలూ కలంకారీ చీరలూ దాటుకుంటూ వెళ్తే చివరి వరసలో దొరికింది నాకు కావాల్సింది. ఆదిలాబాద్ వైపునుంచి వచ్చిన భార్యాభర్తలు. గోండు గూడేలకి దేవుడి బొమ్మలూ గంటలూ పోత పోసే కుటుంబమట. ఆయన నెరిసిన జుట్టుతో, నాకంటే పదేళ్ళు పెద్దవాడిలా ఉన్నాడు. ఆవిడ కింద చాప మీద కూర్చుని ఒక చెక్క మీద ఏదో చేసుకుంటోంది.

దీపం పట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఒకటి నచ్చింది నాకు. “ఇలాంటిదే ఇంకోటి ఇవ్వు, జత కావాలి” అన్నాను.

“ఒక్కటే వస్తదమ్మా” అన్నాడాయన. “బొమ్మ బయటికి తీయాల్నంటే మూస పలగ్గొట్టాలె. మళ్ళ చేస్తే మళ్ళ కొత్తదే.”

బొమ్మని తిరగేసి అడుగు చూపించాడు. లోపల కాలిన మట్టి అలాగే ఉంది. పైన దారాలు చుట్టినట్టు సన్నటి గీతలు, ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా. ఎక్కడ కొన్నా ఈ రెండూ చూసుకోమన్నాడు. గీతలన్నీ సమానంగా ఉంటే అది మిషన్‌ది. బీసెంట్ రోడ్డు ఏనుగుల గుట్టు నాకు అప్పుడు తెలిసింది. ఉన్న ఆ ఒక్క బొమ్మనే గృహప్రవేశానికని తీసుకున్నాను.

ఇంతలో వెనక నవ్వులు వినిపించాయి. తిరిగి చూస్తే మా అత్తగారు చాప మీద కూర్చుని ఉన్నారు. ఆ ఇల్లాలు ఒక చిన్న గొట్టంలో మెత్తటి మైనం పెట్టి వెనకనుంచి నొక్కుతుంటే సన్నటి దారంలా బయటికి వస్తోంది.

“ఇది మా జంతికల గొట్టమే కదమ్మా!” అంటున్నారు అత్తయ్య. “ఇన్నాళ్ళూ పిండి వత్తి వత్తి తినిపించాను. ఇత్తడి బొమ్మలు చేసుంటే ఈపాటికి ఇంటినిండా ఉండేవి.”

ఆవిడ నవ్వుతూ గొట్టం అత్తయ్య చేతికిచ్చింది. వద్దని చెప్పబోయాను. నలుగురిలో చెయ్యి వణికితే అత్తయ్య చిన్నబుచ్చుకుంటారని నా భయం. కానీ ఆ చేతులు గొట్టాన్ని పట్టుకుని నొక్కడం మొదలుపెట్టగానే వణుకు ఆగిపోయింది. మైనపు దారం తెగకుండా వచ్చింది. దాన్ని తీసి చెక్క మీద గుండ్రంగా చుట్టారు, ముగ్గులో మెలిక తిప్పినట్టు. పని ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకోగానే మళ్ళీ వణుకు మొదలైంది. ఉత్తినే ఉన్నప్పుడే వణుకు ఎక్కువని, పనిలో పడితే కొంత తగ్గుతుందని డాక్టరు చెప్పాడు గానీ నేను నమ్మలేదు. ఈ చేతులు ఇంకా ఆగుతున్న రోజుల్లోనే వాటితో ఒక వస్తువు చేయించాలి, అది ఇత్తడిలో నిలిచిపోవాలి అనిపించింది. ఇంకేమీ ఆలోచించలేదు.

నాకు ఏదైనా అనిపించిందంటే జరిగిపోవాల్సిందే. హెడ్మిస్ట్రెస్ గారిని ఒప్పించి, ఎగ్జిబిషన్ అయిపోగానే వాళ్ళిద్దరినీ మా స్కూలుకి మూడు రోజులు పిలిపించాను. పిల్లలకి పని చూపిస్తారు, చివరి రోజు అందరి ముందూ పోత పోస్తారు. ఆ తర్వాత ఆదివారం వాళ్ళ రైలు. అత్తయ్యని కూడా రోజూ నాతో తీసుకెళ్ళాను.

“ఏం చేస్తావమ్మా?” అని అడిగింది ఆ ఇల్లాలు. నెమలి చేస్తారేమో, దేవుణ్ణి చేస్తారేమో అనుకున్నాను నేను.

“గేదెని చేస్తా” అన్నారు అత్తయ్య.

ఊళ్ళో ఉన్నప్పుడు ఆవిడకో గేదె ఉండేది. ఒక కొమ్ము వెనక్కి తిరిగి, ఇంకోటి చెవి మీదికి వాలిపోయి ఉండేదట. అత్తయ్య కూర్చుంటే తప్ప పాలు చేపేది కాదట. ఆవిడ పుట్టింటికి వెళ్తే మావయ్యగారు అత్తయ్య చీర కట్టుకుని చెంబు పట్టుకుని కూర్చున్నా ఒప్పుకోలేదని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. అది ఎలా పోయిందో మాత్రం అత్తయ్య ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

లోపలి మట్టి దిమ్మ ఆయన చేసిచ్చాడు. దాని మీద అత్తయ్య మైనం పలచగా పరిచి, దారాలు తీసి, ఒక్కొక్కటీ అతికించారు. రెండు రోజులు పట్టింది. మధ్యమధ్యలో అలసిపోయి ఆగేవారు, టీ తాగేవారు, గ్లాసు నేను పట్టుకునేదాన్ని. మళ్ళీ మైనం ముట్టుకోగానే చేతులు కుదురుకునేవి. పొదుగు చేసేటప్పుడు వేళ్ళు వాటంతటవే కదిలాయి. వాలిన కొమ్ము మూడుసార్లు తీసి పెట్టారు. అయిపోయాక ఆ ఇల్లాలు గేదెని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. “గిట్ల మాకు రాదమ్మా, మేం ఎన్నడు పాలు పిండలే” అంది. అత్తయ్య మొహం చూడాలి ఆ క్షణాన. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన తర్వాత ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు. నేను ఫొటో కూడా తియ్యలేదు. రేపు ఇత్తడిలో వచ్చేస్తుంది కదా, అప్పుడు తీద్దాంలే అనుకున్నాను.

పై మట్టి దగ్గర వచ్చింది చిక్కు. వాళ్ళు ఊరినుంచి మూట కట్టుకొచ్చిన మట్టి అంతా పిల్లల చిన్న చిన్న ఏనుగులకీ తాబేళ్ళకీ అయిపోయింది. గేదెకి పూయడానికి లేదు. నాకు అదొక సమస్యలా తోచనే లేదు. అప్పటికప్పుడు మా వాళ్ళకి ఫోన్ చేసి, కంకిపాడు చేలోంచి రెండు గోతాల మట్టి కారులో వేయించి తెప్పించాను. మా మావయ్యగారి పొలం మట్టి, మా అత్తయ్య గేదెకి. ఎంత బాగుంది అని నాలో నేనే మురిసిపోయాను.

ఆయన పిడికెడు తీసుకుని నీళ్ళు చిలకరించి పిసికి చూశాడు. బొటనవేలితో నొక్కాడు. తల అడ్డంగా ఊపాడు.

“టీచరమ్మా, దీంట్ల జిగురు ఎక్కువున్నది. ఎండితే దగ్గరికి ఇగ్గుకపోతది, పగుల్తది. ఏటి ఒడ్డు ఇసుక మన్ను కావాలె. లేకుంటే పుట్టమన్ను.”

“ఏమయ్యా, బంగారం పండే మట్టి ఇది. దీంతో వినాయకుణ్ణి చేస్తాం మేము. నీ బొమ్మకి పనికిరాదా?”

“పంటకు మంచిదే అమ్మా” అన్నాడాయన మెల్లగా. “నిప్పుకు కాదు.”

పక్కనుంచి అత్తయ్య అందుకున్నారు. “ఆయన చెప్పేది వినమ్మాయ్. ఎండాకాలం మన చేలో నెర్రెల్లో చెయ్యి దూరుతుంది.”

“మీరు ఊరుకోండి అత్తయ్యా, మీకు తెలీదు” అన్నాను.

కృష్ణ ఒడ్డు మాకేమీ దూరం కాదు. ఆటో పంపిస్తే అరగంటలో ఇసుక మన్ను వచ్చేది. కానీ మట్టి తెప్పించానని అప్పటికే స్టాఫ్‌రూమ్ అంతా చెప్పుకున్నాను. మా పొలం మట్టిని ఎవరో వచ్చి పనికిరాదనడం నాకు నచ్చలేదు. “కాస్త ఊక కలుపు, అదే సరిపోతుంది. రేపు మధ్యాహ్నానికి పోత అయిపోవాలి, పేరెంట్స్‌ని కూడా పిలిచారు” అన్నాను, ఎనిమిదో తరగతి వాళ్ళకి చెప్పినట్టు. ఆయన భార్య వంక చూశాడు. “మీరు చెప్పినట్లే” అని ఊక కలపడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నేను సోషల్ టీచర్ని. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది అని ఏళ్ళ తరబడి పిల్లల చేత నోట్సు రాయిస్తున్నదాన్ని నేనే. పరీక్షలో ఆ ముక్క రాయకపోతే మార్కు కూడా తగ్గిస్తాను.

శనివారం మధ్యాహ్నం గ్రౌండులో గుంట తీసి నిప్పులు రాజేశారు. పిల్లలు దూరంగా వలయంలా నిలబడ్డారు, వెనకాల తల్లిదండ్రులు. అత్తయ్యకి ముందు కుర్చీ వేశాను. ఎండలో పెట్టిన గేదె మూస మీద పొద్దుటికే వెంట్రుకవాసి చీలికలు కనిపిస్తే ఆయన వాటిమీద మళ్ళీ మట్టి మెత్తాడు. ముందుగా ఏనుగులూ తాబేళ్ళూ పోశారు. అన్నీ చక్కగా వచ్చాయి. తర్వాత గేదె మూసని కాల్చి, మైనం అంతా పోయాక, నోరు పైకి పెట్టి నిలబెట్టి, మూకుడులోంచి కరిగిన ఇత్తడి పోశాడు. సగం పోసేసరికి టప్పుమని చిన్న చప్పుడు వచ్చింది. మూస పక్కనుంచి ఎర్రగా ఒక ధార బయటికి వచ్చి బూడిదలోకి పారింది.

చల్లారాక పగలగొట్టారు. వెనక కాళ్ళు ఉన్నాయి, తోక ఉంది, పొదుగు ఉంది. నడుము దగ్గర తెగిపోయింది. తల లేదు, కొమ్ములు లేవు. మైనం ఎప్పుడో ఆవిరైపోయింది కాబట్టి ఇంక ఎక్కడా లేవు.

హెడ్మిస్ట్రెస్ గారు “ఏమైందండీ?” అని నా వైపు తిరిగారు. చెప్పడానికి నాకు అదే సమయం. నేను బూడిదలో గడ్డకట్టిన ఇత్తడిని చూస్తూ నిలబడ్డాను. ఆయన నా మొహం చూశాడు, తర్వాత నేల చూశాడు.

“పొరపాటైంది మేడం. మా చెయ్యి తప్పు.”

ఆ మాటకి నేను ఊరుకుని ఉన్నా కొంత నయంగా ఉండేది. “అప్పుడప్పుడూ అలా అవుతుంటుందిలెండి మేడం” అన్నాను, పెద్దమనసు చేసుకుని క్షమించినట్టు. హెడ్మిస్ట్రెస్ గారు తలూపారు. అత్తయ్య కుర్చీలోంచి నన్ను చూస్తున్నారు. చేతులు ఒళ్ళో వణుకుతున్నాయి, దాచుకోవడం కూడా మర్చిపోయారు. ఆ సగం గేదెని ఏం చెయ్యమంటారని ఆయన అడిగితే, “తీసుకెళ్ళండి బాబూ, ఇంకేదైనా పోసుకోండి” అన్నారు.

మర్నాడు పొద్దున కాఫీ ఇస్తుంటే అత్తయ్య అన్నారు. గట్టిగా కూడా అనలేదు.

“నీకు మట్టి సంగతి తెలీక కాదు. ఆ మాటే ఏ ఇంజనీరో చెప్పుంటే వినేదానివి. ఆయన చెప్పాడు కాబట్టి వినలేదు. పైగా నీ తప్పు ఆయన మీద వేసుకుంటే వేసుకోనిచ్చావు.”

నేను సింకు దగ్గర నిలబడి కడిగిన గ్లాసే మళ్ళీ కడుగుతున్నాను.

“ఫోన్ చేసి తప్పు నాదని ఆయనకి చెప్పు. మీ హెడ్మిస్ట్రెస్‌కీ చెప్పు. చెప్పిన రోజున మైనం తెప్పించు, మళ్ళీ చేస్తాను. చెప్పకుండా ఆ మైనం ముట్టుకోను.”

“అలాగే అత్తయ్యా” అన్నాను. ఆయన నంబరు నా ఫోన్లో ఉంది. చేస్తే రెండు నిమిషాల పని. ముందు పరీక్షలు అవనీ అనుకున్నాను. తర్వాత పేపర్లు దిద్దడం. ఎండాకాలం మైనం పార్సిల్లో కరిగిపోతుంది కదా అని ఒక సాకు, వానల్లో వాళ్ళ గూడేనికి సిగ్నల్ ఉండదేమో అని ఇంకొకటి. రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే కట్ చేశాను. ఆయన ఈపాటికి మర్చిపోయే ఉంటాడు, ఇప్పుడు గుర్తు చెయ్యడం దేనికి అని కూడా అనుకున్నాను. క్లాసులో పిల్లలు తప్పు ఒప్పుకోకపోతే బెంచీ ఎక్కించే మనిషిని నేను.

అత్తయ్య మళ్ళీ అడిగింది ఒక్కసారే, దసరా సెలవుల్లో. “చేశావా?” అన్నారు. “చేస్తానత్తయ్యా” అన్నాను. ఆపాటికి కాఫీ సగం గ్లాసే పోయాల్సి వస్తోంది. దీపావళి దాటాక అన్నం నేను కలిపిపెడుతున్నాను. మందు డోసు పెంచారు. రోజూ కళ్ళముందు జరుగుతున్నదాన్ని చూస్తూ కూడా, ఆ గేదెకి టైము ఉందనే అనుకున్నాను.

మళ్ళీ చలికాలంలో ఎగ్జిబిషన్ వచ్చింది. ఈసారి తప్పించుకోవడం ఇష్టం లేక హెడ్మిస్ట్రెస్ గారికి ముందు రోజే చెప్పేశాను. ఆవిడ “ఏడాది పట్టిందా చెప్పడానికి?” అన్నారు. మర్నాడు అత్తయ్యని తీసుకుని వెళ్ళాను. అదే చివరి వరస, అదే చాప. స్టాల్ దగ్గర జనం ఉన్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామనిపించింది గానీ ఆగలేదు.

“తప్పు నాదండీ” అన్నాను. “మట్టి వద్దని మీరు చెప్పారు. నేను వినలేదు. అందరి ముందూ మీ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను.”

ఆయన చేతిలో ఉన్న గంట కింద పెట్టాడు. “గది మాకు అప్పుడే ఎరుకనే అమ్మా” అన్నాడు. “నువ్వు ఫోన్ చేస్తవని మా ఆడిమనిషి రోజూ అనేది. పెద్దమ్మ కోసం మైనం తీసిపెట్టింది.”

ఆవిడ అప్పటికే అత్తయ్యని చాప మీద కూర్చోబెట్టుకుంది. పక్కనున్న డబ్బాలోంచి మైనం ముద్ద తీసి, అరచేతుల్లో వెచ్చచేసి, గొట్టంలో పెట్టి ఇచ్చింది. అత్తయ్య పట్టుకున్నారు. నేను ఆ చేతులకేసే చూస్తున్నాను, ఇప్పుడు ఆగుతాయి, ఇప్పుడు ఆగుతాయి అని. ఆగలేదు. మైనం చిన్న చిన్న ముక్కలుగా చెక్క మీద రాలింది. రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ నొక్కారు. మూడోసారి గొట్టం జారి ఒళ్ళో పడింది.

“ఇంక రాదులేమ్మా” అన్నారు అత్తయ్య, ఆవిడతోనే. నా వైపు చూడలేదు.

ఆవిడ అత్తయ్య వేళ్ళకంటిన మైనం తన కొంగుతో తుడిచింది. తర్వాత లేచి, వెనక అట్టపెట్టెలోంచి ఒక బొమ్మ తీసుకొచ్చి ఒళ్ళో పెట్టింది. ఇత్తడి గేదె. ఒక కొమ్ము వెనక్కి తిరిగి ఉంది, ఒకటి చెవి మీదికి వాలి ఉంది. “నువ్వు చేసింది యాదికి తెచ్చుకుని చేసిన పెద్దమ్మా. గట్లైతే రాలే” అంది. అత్తయ్య దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. బాగుందన్నారు. పొదుగు కొంచెం చిన్నదైందని కూడా అన్నారు.

ఆ గేదె ఇప్పుడు మా హాల్లో కిటికీ పక్కన ఉంది. వచ్చినవాళ్ళు ఎక్కడ కొన్నారని అడుగుతారు. చలికాలం ఎగ్జిబిషన్‌లో చివరి వరసకి వెళ్ళమనీ, తిరగేసి లోపల మట్టి చూసుకోమనీ, చేసినవాళ్ళని అడిగి తీసుకోమనీ చెప్తాను. స్కూల్లో సంగతి చూచాయగా తెలిసినవాళ్ళు కొందరు, “మీ అత్తగారు చేసింది ఇదేనా అండీ?” అంటారు.

“కాదండీ. ఆవిడ చేసినదాన్ని నేను పోగొట్టాను” అంటాను.

అత్తయ్య అక్కడే సోఫాలో కూర్చుని వింటూ ఉంటారు. మర్యాదకైనా ఒక్కసారి కూడా నా మాట కాదనలేదు.